కూరెకుప్ప పరిసరములందలి బొగ్గు చరిత్ర

బళ్ళారి నుండి హోసపేటకు పోవు మార్గమున కుడితిని దాటిన పిమ్మట తోరణగల్లు వచ్చును. దానిని ఆనుకొని సండూరు తాలూకాకు చెందిన కూరెకుప్ప కలదు. నైరుతి దిక్కున సండూరు కొండలు ఎఱ్ఱని గోడవలె నిలిచియుండును. 1953 అక్టోబరు 1వ తేదీన పాత బళ్ళారి జిల్లా విభక్తమై ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, సండూరుతో కూడ తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకును చేరినవి. కన్నడ తెలుగు భాషలు రెండును వినవచ్చు ఈ సీమ పేరు చెప్పినంతనే ఎవరికైనను స్ఫురించునది ఇనుప రాయి. ఆ రాతిని గూర్చి వ్రాయబడిన గ్రంథములు పెక్కులు కలవు. ఆ రాతిని ఇనుముగా మార్చునది బొగ్గు. అయినను ఆ బొగ్గు ఎక్కడి నుండి వచ్చెను, ఎవరు తెచ్చిరి అను విషయము మాత్రము ఎవరికిని అంతగా పట్టినట్లు కానరాదు. ఈ సీమలో ఇనుప పరిశ్రమ పుట్టుటకు, అణగుటకు, మరల పుట్టుటకు రాయి కారణము కాదు. రాయి నాడెంత ఉండెనో నేడును దాదాపు అంతయే కలదు. మాఱుచు వచ్చినది బొగ్గు దొరకు తావు. ఆ మార్పును కాలక్రమమున పరిశీలించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా బొగ్గు చేయు పనిని తెలిసికొనవలెను. సండూరు కొండలలోని మేలైన రాయికి హెమటైటు అని పేరు. ఇందు ఇనుము ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, గట్టిగా కూడియుండును. శుద్ధమైన హెమటైటు నూఱు పాళ్ళలో 70 పాళ్ళు ఇనుము, 30 పాళ్ళు ఆమ్లజని. ఎంత వేడి చేసినను మామూలు కొలిమిలో ఈ జంట విడిపోదు. ఇనుము కంటె ఆమ్లజనిపై మక్కువ గల మూడవ పదార్థము కావలెను. అదియే కర్బనము. బొగ్గు చాలినంత గాలి లేక కాలునపుడు ఒక వాయువు పుట్టి, రాతిలోని ఆమ్లజనిని లాగికొని బొగ్గుపులుసు గాలియై పైకి పోవును, ఇనుము మిగులును. బొగ్గు పని అంతతో ముగియదు. అందలి కర్బనము కొంత ఇనుములోనికి చొరబడును. నూటికి పదియవ వంతైనను చేరనిది మెత్తని చేత ఇనుము. నాలుగు పాళ్ళ వఱకు చేరినది పెళుసైన పోత ఇనుము. ఈ రెంటికి నడుమ, రెండు పాళ్ళకు లోబడినది ఉక్కు. కావున బొగ్గు వంటచెఱకు మాత్రమే కాదు, వంటలో ఉప్పు కూడ. ఉక్కునకు ఆ గుణము కర్బనము వలన వచ్చుచున్నదని పరాసు శాస్త్రజ్ఞులు మాంజ్, బెర్తొలే, వాండర్మాండ్ అను మువ్వురు 1786లో తేల్చి చెప్పిరి. దక్షిణాపథపు కమ్మరులు ఆ పేరెరుగకయే ఆ పాళ్ళను ఎరిగియుండిరి. ఐరోపా గ్రంథములలో ‘వూట్జ్’ అని ప్రసిద్ధికెక్కిన మాట మన ‘ఉక్కు’ నుండి పుట్టినదే. కన్నడమునను తెలుగునను ఆ మాట ఒక్కటే యగుటచే అది ఏ భాషది అని వాదులాడుకొనుట వ్యర్థము.

ఈ సీమలో బొగ్గు కథకు పూర్వరంగము ఇనుము కంటె ప్రాచీనమైనది. కుడితిని దగ్గఱ పెద్ద బూడిద దిబ్బ యొకటి కలదు. దీనిని ‘బూదికనుమ’ అందురు. కన్నడమున బూది అనగా బూడిద; కనుమ అనగా కొండల నడుమ దారి. ఒక్క పేరులో రెండు భాషలు చేయి కలిపిన ఇట్టి పేళ్ళు ఈ సీమలో అరుదు కాదు. ఈ దిబ్బలు రాక్షసుల చితులని జనవాక్యము. హంపీ చెంత నింబాపురమున గల దిబ్బను వాలి చితాభస్మమని నేటికిని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో న్యూబోల్డు దొర ఈ దిబ్బలను పరిశీలించి 1843లో వ్యాసము ప్రకటించెను. లోపల కరగి గడ్డకట్టిన గాజు వంటి ముద్దలుండుటచే ఇది ఇనుప చిట్టెమేమో యని తలచినవారును కలరు. సండూరు కొండల నీడలో ఇట్టి ఊహ పుట్టుట సహజమే. కాని అది పొరపాటు. పశువుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలి ఏర్పడిన దిబ్బలివి. రాబర్టు బ్రూస్ ఫూట్ ఈ సంగతిని ముందే ఊహించెను. జైనర్ 1960లో రసాయన పరీక్షలచే నిర్ధారించెను. రేమండ్ ఆల్చిన్ 1957లో నాటి మహబూబునగరు జిల్లా ఉట్నూరులో ఇట్టి దిబ్బనే త్రవ్వి, గోవుల గిట్టల జాడలను సైతము చూపి, 1963లో గ్రంథము వెలువరించెను. ఉట్నూరున దొరకిన బొగ్గు తునకలను రేడియో కర్బన పద్ధతిచే పరీక్షింపగా అవి నాలుగు వేల యేండ్లకు పైబడినవని తేలినది. ప్రాణమున్నంత కాలము చెట్టు గాలి నుండి గ్రహించు కర్బనములో ఒక స్వల్పభాగము, చెట్టు చచ్చిన పిదప 5,730 యేండ్లకు సగము చొప్పున తఱిగిపోవును. ఆ తఱుగుదలను కొలిచి వయస్సు చెప్పుట 1949లో లిబ్బీ నేర్పిన విద్య. కర్బనము లోహమునే కాక చరిత్రకు తేదీలను కూడ సమకూర్చినది.

ఆ పశుపాలకులకు పేడ పిడక వలె ఇంధనమై యుండవచ్చును గాని, దానితో ఇనుము కరగదు. ఇనుమునకు కట్టె బొగ్గు కావలెను. కట్టెను నేరుగ కొలిమిలో వేసిన, అందలి తేమయు పొగయు వేడిని మ్రింగివేయును. అందుచే కట్టెను ముందు బొగ్గు చేయవలెను. ఎండు కట్టెలను కుప్పగా పేర్చి, ఆకులు కప్పి, పైన మన్ను మెత్తి, అడుగున నిప్పంటించి, గాలి మిక్కిలి చొరకుండ రంధ్రములను మూయుచు తెఱచుచు దినముల తరబడి కావలి యుండవలెను. తెల్లని పొగ వెలువడినంత వఱకు తేమ పోవుచున్నదని, పొగ పలుచనై నీలివన్నె తిరిగిన బొగ్గు పండినదని గుర్తు. అప్పుడు ఒక జాము ఏమరినచో కుప్ప యంతయు బూడిదయగును. ఎండు కట్టెలో ఇంచుమించు సగము కర్బనమే యైనను, ఈ బట్టీలలో నూఱు మణుగుల కట్టెకు చేతికి వచ్చు బొగ్గు పదునైదు, ఇరువది మణుగులు మాత్రమే. తక్కినది పొగయై పోవును. ఇక చిన్న మట్టి కొలిమిలో ఒక మణుగు ఇనుము దిగుటకు మూడు నాలుగు మణుగుల బొగ్గు పట్టును. లెక్క వేసిన, మణుగు ఇనుమునకు ఇరువది మణుగుల దాక కట్టె. ఊరి కమ్మరి చేతిలోని కొడవలి వెనుక ఎంత అడవి కలదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కనుకనే పూర్వపు కొలుములు రాయి ఉన్నచోట కాక బొగ్గు, నీరు, గిరాకీ కలిసి వచ్చు చోట వెలసినవి. హోసపేట ప్రక్కనున్న జంబునాథ కొండ రాతిని ఎనుబోతులపై కమలాపురమునకు తెచ్చి కరగించెడివారు. అక్కడ తుంగభద్ర కాలువల క్రింద చెఱకు పండును. చెఱకు రసము కాచుటకు వెడల్పైన ఇనుప పెనములు కావలెను. ఆ పెనములకు కమలాపురము ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి అక్కడ రాయి కరగించుట ఆగిపోయెను. పెనముల పని మాత్రము సీమ నుండి వచ్చిన ఇనుముతో కొంతకాలము సాగెను. ఫ్రాన్సిసు దొర 1904లో కూర్చిన బళ్ళారి గెజెటీరునాటికి ఇది గతించిన ముచ్చట. రాయి ఉన్నది, కమ్మరి ఉన్నాడు, పెనము కొనువాడును ఉన్నాడు. నడుమ బొగ్గు కాల్చువాడు, తిత్తి ఊదువాడు జారిపోయిరి. చరిత్రకారులు దేవాలయములు కట్టించిన ప్రభువుల శాసనములను ఒక్కొక్క అక్షరముగా చదివిరి. ఆ దేవాలయముల రాతిని చెక్కిన ఉలులకు బొగ్గు కాల్చినవారి పేరొక్కటియు ఎచ్చటను లేదు. వారు శాసనము వేయించుకొనదగినవారు కారని నాటి లోకము తలచెను కాబోలు.

ఉక్కు చేయు పనిలో కర్బనమును కొలిచి వేయు నేర్పు ఇంకను ఆశ్చర్యకరము. తమిళ దేశమున తాను చూచిన పద్ధతిని హీత్ దొర ఇట్లు వర్ణించెను: చేత ఇనుము ముక్కలను మట్టి మూసలో పెట్టి, ఎండు తంగేడు పుల్లలను వేసి, పైన పచ్చని జిల్లేడు ఆకులు కప్పి, మట్టితో మూతి బిగించి, బొగ్గు కొలిమిలో పెట్టుదురు. లోపలి పుల్ల బొగ్గై ఇనుములో కరగి ఉక్కగును. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున తెలుగు కమ్మరులది మఱియొక మార్గము. వారు రెండు వేఱు వేఱు తావుల ఇనుములను ఒకే మూసలో కలిపి కరగించెడివారు. ఒకదాని యందు కర్బనము హెచ్చు, ఒకదాని యందు తక్కువ యగుటచే రెండును కలిసి నడిమి పాకమున నిలుచునని నేటి శాస్త్రజ్ఞుల వివరణము. ఆ ఉక్కు కొఱకు పారసీక దేశపు ఇస్ఫహాను నుండి వర్తకులు వచ్చి కొలిమి యొద్దనే కూర్చుండి సరకు ఎంచుకొనెడివారని వాయిజీ చూచి వ్రాసెను. అతని వ్యాసము 1832లో ప్రకటితమైనది. ఈ ఉక్కునందు కర్బనము నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళ లోపు. తుల, ఉష్ణమాపకము లేని కొలిమిలో ఈ కొలత తప్పకుండుట సామాన్య విషయము కాదు.

ఇట్టి పరిశ్రమ ఎందులకు చెడినది? సీమ ఇనుము చవుకగుట వలన అని ఒక్క మాటలో చెప్పుట వాడుక. అది నిజమే గాని, సీమ ఇనుము చవుకగుటకును బొగ్గే కారణము. ఇంగ్లండులోను మొదట కట్టె బొగ్గే ఉండెడిది. 1709లో అబ్రహాము డార్బీ కోల్‌బ్రూక్‌డేల్‌లో గని బొగ్గును కోకుగా కాల్చి దానితో ఇనుము దించెను. తెలుగువారు గని బొగ్గును తొలుత ‘రాక్షసిబొగ్గు’ అనిరి. నేరుగ వాడిన అందలి గంధకము ఇనుమును చెఱచును. గాలి చొరని బట్టీలో కాల్చినచో చెడుగు చాలవఱకు పోయి, గట్టి ఎముక వంటి కోకు మిగులును. కట్టె బొగ్గు బరువు మీద పడిన నలిగి పిండి యగును, కోకు నలుగదు. అందుచే కొలిమిని తాటిచెట్టెత్తు కట్టవచ్చును. మన కొలిమి మనిషి ఎత్తు దాటకపోవుటకు కారణము కమ్మరి అజ్ఞానము కాదు, కట్టె బొగ్గు మెత్తదనము, తిత్తి బలము.

కట్టె బొగ్గుతోనే పెద్ద కొలుములు నడుపవచ్చునని నమ్మి చూచినవాడు పైన పేర్కొనిన హీత్. అతడు కుంపిణీ కొలువు మాని 1830 ప్రాంతమున దక్షిణ ఆర్కాటులోని పరంగిపేటలో సీమ పద్ధతి కొలుములు నెలకొల్పెను. రాయి సేలము నుండి, బొగ్గు దూరపు అడవుల నుండి రావలసియుండెను. కొలిమి పెద్దదగుకొలది అడవి దూరమగును. అడవి దూరమగుకొలది బొగ్గు ప్రియమగును. ఈ చిక్కు నుండి ఆ కర్మాగారము బయటపడలేదు. పందొమ్మిదవ శతాబ్ది రెండవ భాగమున మూతపడెను. 1882లో మద్రాసు అటవీ శాసనము వచ్చినది. రిజర్వు అడవులలో కట్టె కొట్టుట, బొగ్గు కాల్చుట అనుమతి లేనిదే నేరమయ్యెను. అడవిని కాపాడుటకు అట్టి కట్టడి అవసరమే అనువారి మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ కట్టడి బరువు పడినది రైలు సంస్థలకు కట్టె అమ్మిన కంట్రాక్టరుపై కాదు, కుప్ప కాల్చుకొని బ్రతికిన పేదవానిపై.

1895లో బ్రూస్ ఫూట్ బళ్ళారి జిల్లా భూగర్భ వివరణము ప్రకటించి సండూరు ఇనుప రాతి సమృద్ధిని లోకమునకు చాటెను. అయినను ముప్పాతిక శతాబ్ది దాక ఎవరును ఇక్కడ పెద్ద కొలిమి కట్టలేదు. కారణము భూమి గర్భములోనే కలదు. సండూరు కొండలు ధార్వాడ శిలలు. వాని వయస్సు 250 కోట్ల యేండ్లకు పైమాట. అప్పటికి నేలపై చెట్టు అనునదే లేదు. చెట్టు లేనిదే బొగ్గు లేదు. ఇనుము పుట్టిన నాటికిని బొగ్గు పుట్టిన నాటికిని నడుమ రెండు వందల కోట్ల యేండ్ల ఎడము. ఒకే కొండలో రెండును దొరకవలెనని కోరుట తాతయు మునిమనుమడును ఒకే దినమున పుట్టవలెనని కోరుట వంటిది. చిత్రమేమనగా, కర్బనపు అపురూప రూపమైన వజ్రము మాత్రము ఈ ప్రక్కనే, అనంతపురము జిల్లా వజ్రకరూరున కలదు. 1882 వఱకు అనంతపురమును బళ్ళారి జిల్లాలో భాగమే. వజ్రమును బొగ్గును ఒక్క పదార్థమే అని టెనెంట్ 1797లో కాల్చి నిరూపించెను. అయినను వజ్రముతో కొలిమి రాజదు.

బొగ్గు లేని చోట అడవినే శాస్త్రీయముగా వాడవచ్చునని మైసూరు సంస్థానము భద్రావతిలో చూపినది. 1923లో అక్కడ కట్టె బొగ్గు కొలిమి వెలిగెను. మలెనాటి కట్టెను ఇనుప పాత్రలలో బట్టీ పట్టి, బొగ్గుతో పాటు పొగను కూడ చల్లార్చి కట్టె సారాయము, తారు తీసిరి. మన కుప్పలలో గాలి పాలగు పొగ అక్కడ సరకైనది. విశ్వేశ్వరయ్యగారి దక్షతచే అది నిలిచినది గాని, ఆ పద్ధతికి మలెనాటి వంటి దట్టమైన అడవి కావలెను. సండూరు అడవులు అందులకు చాలవు.

తెలుగుదేశమున బొగ్గు లేకపోలేదు. 1870 తరువాత విలియం కింగ్ ఇల్లెందు చెంత గోదావరి లోయ బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు స్థిరపడెను. రైలింజన్లకు, విద్యుచ్ఛక్తికి అది ప్రాణమైనది. కాని కోకునకు పనికిరాదు. కాల్చినపుడు మెత్తబడి ముద్దకట్టి గట్టిపడు గుణమున్న బొగ్గే కోకగును. సింగరేణి బొగ్గు పొడిపొడిగా కాలిపోవును. ఈ ఒక్క గుణలోపము రెండు ఉక్కు కర్మాగారముల గతిని నిర్ణయించినది. 1970లో దక్షిణమున విశాఖపట్నము, సేలము, విజయనగరము అను మూడు చోట్ల ఉక్కు కర్మాగారములు స్థాపింతుమని కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ విశాఖలోను, తోరణగల్లులోను శంకుస్థాపన చేసిరి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో ఎలుగెత్తి ప్రాణములర్పించినవారి త్యాగము అందఱెరిగినదే. విశాఖకు సొంత ఇనుప గని లేదు, రేవు కలదు. దేశాంతరపు బొగ్గు ఓడలో వచ్చి వాకిట దిగును. తోరణగల్లునకు రాయి గుమ్మములోనే కలదు, బొగ్గు లేదు, సముద్రము లేదు. విశాఖలో 1990లో కొలిమి వెలిగినది. తోరణగల్లు శంకుస్థాపన శిల మాత్రము రెండు దశాబ్దములకు పైగా ఎండకు ఎండినది. ప్రభుత్వ నిర్లక్ష్యమే కారణమని ఈ సీమవారు నొచ్చుకొందురు. అది కొంత నిజము. మిగిలిన కొంత బొగ్గు చేసిన తీర్పు.

1994లో జిందాల్ వారు విజయనగర ఉక్కు సంస్థను స్థాపించి ‘కోరెక్స్’ అను ఆస్ట్రియా పద్ధతిని ఎన్నుకొనిరి. కోకు కాని బొగ్గును నేరుగ వాడుట ఆ పద్ధతి ప్రత్యేకత. 1999లో తొలి కొలిమి నడచినది. కోకును పూర్తిగా విడువలేకపోయినను, కోకు లేని సీమలో ఉక్కు పుట్టించుటకు తొలి దారి అదియే. పిమ్మట ఉత్పత్తి పెరుగగా బ్లాస్టు కొలుములు, వానికి తోడు కోకు బట్టీలు వెలసినవి. 2016 నాటికి ఈ కర్మాగారపు శక్తి ఏటికి 1 కోటి 20 లక్షల టన్నులకు చేరెను. తరువాత ఇంకను పెరిగినది. నూఱు టన్నుల బొగ్గును వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో గాలి చొరనీయక కాల్చిన 70, 75 టన్నుల కోకు వచ్చును. వెనుకటి కుప్పలో నూటికి ఇరువది దక్కినది ఇక్కడ నూటికి డెబ్బది. ఉపోత్పత్తులను పట్టు బట్టీలలో వెలువడు వాయువు ఇంధనమగును. తారు, అమోనియా, బెంజాలు వేఱుపఱుపబడును. తారు నుండి తీసిన కీలు అల్యూమినియము కర్మాగారములలో కర్బనపు కడ్డీలగును. అడవి నుండి, పొగ నుండి, గని నుండి, తారు నుండి కర్బనమును రాబట్టిన ఇన్ని రీతులకు పనిముట్లు మాఱినవి గాని సూత్రము ఒక్కటే: గాలిని అదుపులో నుంచి కాల్చుట.

అయినను దక్కినదంతయు చివరకు గాలిలోనికే పోవును. కోకు మార్గమున టన్ను ఉక్కునకు రెండు టన్నుల బొగ్గుపులుసు గాలి పుట్టునని స్థూలమైన లెక్క. పూర్వము కొట్టిన అడవి కొంత మరల చిగిర్చి ఆ గాలిని త్రాగెడిది. గనిలోని చెట్టు చిగుర్పదు. బూదికనుమ గల కుడితినిలోనే నేడు 1,700 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అక్కడ బొగ్గు కాలి బూడిద కొత్త దిబ్బలగుచున్నది. నాలుగు వేల యేండ్ల బూడిదయు నిన్నటి బూడిదయు ఒకే ఊరి పేర నున్నవి. కూరెకుప్ప ఇండ్లలో వాకిలి ఊడ్చు ఇల్లాలికి ఈ చరిత్ర ఎవరును చెప్పనక్కరలేదు.

తోరణగల్లుకు కోకు బొగ్గు విశేషముగా ఆస్ట్రేలియా నుండి వచ్చును. గోవాలోని మార్ముగోవా, నెల్లూరు సీమలోని కృష్ణపట్నము మొదలగు రేవులలో దిగి రైలెక్కును. ఆస్ట్రేలియా తూర్పు భాగపు ఆ బొగ్గు, మన గోదావరి లోయ బొగ్గు, రెండును పెర్మియన్ యుగమున, అనగా 25 కోట్ల యేండ్లకు పూర్వము, గ్లాసోప్టెరిస్ అను ఒకే జాతి చెట్ల వనముల నుండి ఏర్పడినవి. నాడు భారతదేశము, ఆస్ట్రేలియా గోండ్వానా అను ఒకే ఖండమున ఉండెడివి. ఆ పేరును మన గోండుల సీమ నుండి పుట్టినదే. తరువాత నేల చీలి ఖండములు విడిపోయినవి. ఆ కొసనున్న బొగ్గు హెచ్చు లోతున, హెచ్చు వేడిలో మగ్గి కోకు గుణము పొందినది. ఈ కొసనున్నది పొందలేదు. నేడు కూరెకుప్పలో ఇల్లు కట్టుకొనువాడు కొను ఉక్కు కమ్మిలో నూటికి నాలుగవ వంతు పాటి కర్బనము ఉండును. రాయి ఎదుటి కొండది. ఆ పావు పాలు ఆ విడిపోయిన వనముది.